చెల్లి ఫోన్‌లో నిఘా యాప్: రీసెట్‌కి ముందు రుజువులు ఎలా భద్రపరచాలి?

భర్త కొట్టడం భరించలేక మా చెల్లి బెంగళూరులోనే వేరే చోట ఉంటోంది. ఏరియా పేరు రాయను. ఎక్కడికెళ్లినా అతనికి తెలిసిపోతోంది. మడివాళ మార్కెట్‌కి వెళ్లిన అరగంటకే "కూరగాయలు కొన్నావా" అని మెసేజ్ వస్తుంది.

ఫోన్ ఆండ్రాయిడ్ 13. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆపాం. నా ఫోన్ నుంచి ఆమె జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, తెలియని డివైజ్‌లన్నీ సైన్ అవుట్ చేశాం. వాట్సాప్ లింక్డ్ డివైజెస్‌లో ఏమీ లేవు. హానికర యాప్‌లను వెతికే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌కి ఏమీ దొరకలేదు. బ్యాగులో ట్రాకర్ పెట్టాడేమోనని అదీ వెతికాం.

నిన్న సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (యాప్‌లకి స్క్రీన్ చదివే అనుమతి ఇచ్చే చోటు) చూస్తే "సిస్టమ్ సర్వీస్" పేరుతో మేం పెట్టని యాప్ ఒకటి ఆన్‌లో ఉంది. ఫోన్‌పై ప్రత్యేక అధికారాలుండే డివైజ్ అడ్మిన్ యాప్స్‌లోనూ అదే. ఇంకా ముట్టుకోలేదు. తీసేస్తే అతనికి వెంటనే తెలిసి, కోపంతో మీదికొస్తాడేమోనని భయం. అందుకే లాయర్‌తో మాటలన్నీ నా ఫోన్‌లోనే.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే యాప్ పోవచ్చు. కానీ 2005 గృహహింస చట్టం కింద కేసు వేస్తున్నాం, రుజువు కూడా దాంతోపాటే పోతుంది కదా.

ఇలాంటి కేసులు చూసినవాళ్లు దయచేసి చెప్పండి: కోర్టులో చెల్లాలంటే, రీసెట్‌కి ముందు ఈ ఫోన్ నుంచి ఏమేం, ఎలా భద్రపరచాలి?