అప్‌డేట్: లండన్‌లో గడియారాల చరిత్రకు గ్రీనిచ్చా, సైన్స్ మ్యూజియమా?

లండన్‌లో సగం రోజే ఉంటే గడియారాల చరిత్ర ఎక్కడ చూడాలి, గ్రీనిచ్ అబ్జర్వేటరీలోనా (పాత ఖగోళ పరిశోధనశాల), సైన్స్ మ్యూజియంలోనా అని ఇంతకుముందు అడిగాను. జవాబు: సైన్స్ మ్యూజియం రెండో లెవెల్లోని క్లాక్‌మేకర్స్ మ్యూజియం. 2015లో లండన్‌లోనే ఉన్న గిల్డ్‌హాల్ భవనం నుంచి ఇక్కడికి మారింది. పాత గైడ్‌బుక్ నమ్ముకుంటే తప్పు చోటికి వెళ్తారు. ప్రవేశం ఉచితం, సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్లో దిగాలి.

ముందు ఫ్యూజీ (గొలుసు చుట్టుకునే శంకువు ఆకారపు చక్రం) ఉన్న పాత జేబు గడియారాల దగ్గర ఆగండి. గడియారాన్ని నడిపే స్ప్రింగ్ నిండా చుట్టినప్పుడు లాగుడు ఎక్కువ, విప్పుకునేకొద్దీ తక్కువ. అలాగే వదిలేస్తే టైము నిలకడగా ఉండదు. అందుకే స్ప్రింగ్ బలంగా ఉన్నప్పుడు గొలుసు ఫ్యూజీ శంకువును సన్నటి కొస దగ్గర లాగుతుంది, బలం తగ్గాక లావు వైపు లాగుతుంది. దాంతో చక్రాలకు అందే శక్తి దాదాపు సమానం. గొలుసు లింకులు ఎంత చిన్నవో అద్దానికి దగ్గరగా వంగితేగానీ తెలియదు.

తర్వాత హెచ్5, అంటే ఓడల కోసం కచ్చితమైన గడియారాలు చేసిన జాన్ హారిసన్ ఐదో గడియారం. 1772లో మూడో జార్జి రాజు పరీక్షిస్తే తేడా రోజుకు సెకనులో మూడో వంతు! హెచ్1 నుంచి హెచ్4 వరకు ఇక్కడ వెతక్కండి, అవి గ్రీనిచ్ అబ్జర్వేటరీలో. దానికి టికెట్టు, ఇంకో పూట కావాలి.

1953 ఎవరెస్ట్ యాత్రలో హిల్లరీ వెంట ఉన్న స్మిత్స్ కంపెనీ వాచీ కూడా ఇక్కడే ఉంది. చూడటానికి మాత్రం మామూలు చేతి వాచీ.