పుట్ ఆఫ్ అంటే వాయిదా ఒక్కటేనా?

పర్లాకిమిడి కొమ్ము కొట్టు:
మాది పర్లాకిమిడి. నాన్నగారి కాలం నుంచి కొమ్ము బొమ్మల కొట్టు: దువ్వెనలు, కొంగలు, రొయ్యలు. ఫిబ్రవరిలో ఒక విదేశీ బేరగాడికి ఫొటోలు, ధరలు పంపితే 'ద ప్రైస్ పుట్ అస్ ఆఫ్' అని ఒక్క ముక్క జవాబొచ్చింది. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడమని ఇంటర్లో బట్టీ పట్టినదే కదా, ఆర్డరు కాస్త ఆలస్యమవుతుందనుకున్నాను. 'అలాగే, ఎప్పటికి?' అని రాశాను కూడా. ఉలుకూ పలుకూ లేదు. 40 కొంగలు చేయించి 2 నెలలు అట్టపెట్టెల్లో దాచాను. మొన్న మా అమ్మాయి ఆ మెయిల్ చూసి 'వాళ్ళు వద్దన్నారు నాన్నా' అని ఒకటే నవ్వు. డిక్షనరీ తీస్తే ఇంకో నాలుగు అర్థాలున్నాయి. ఎక్కడ ఏదో ఎలా తెలుస్తుందండీ?

బరంపురం మేష్టారు (రిటైర్డ్):
బాబూ, మీ అమ్మాయి చెప్పిందే నిజం. వాయిదా పడేది పని: పరీక్ష, పెళ్ళి, ప్రయాణం. 'దే పుట్ ఆఫ్ ద ఎగ్జామ్' అంటే ఇక్కడ ఒడియా పేపర్లు పరీక్ష 'ఘుంచిలా' అని రాస్తాయే, అదే. మీ వాక్యంలో ఆ చోట ఉన్నది పని కాదు, 'అస్', అంటే మనుషులు. ధర చూసి వాళ్ళు వెనకాడారు, మనసు విరిగింది.

ఇక్కడో మెలిక ఉంది. బాకీ అడగబోతే 'రేపు రా, ఎల్లుండి రా' అని తిప్పేవాడి గురించి కూడా 'హి కీప్స్ పుటింగ్ మీ ఆఫ్' అంటారు. అక్కడా మనిషే ఉన్నాడు, అయినా వాయిదాయే. మరి తేడా? తిప్పేది ఎవరో చూడండి. మనిషైతే రేపు రమ్మనగలడు. ధరకి, వాసనకి ఆ నోరు లేదు, అవి విరక్తి పుట్టించగలవు అంతే.

ఇంకో రెండు ముక్కలు. 'ఇట్' వస్తే మధ్యలోనే: 'పుట్ ఇట్ ఆఫ్'. 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. తర్వాత క్రియ వస్తే 'గోయింగ్' అనాలి, 'టు గో' కాదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఇంగ్లీషులో వాడుక భాషంటే ఇవేనండీ. కాగితం మీద పోస్ట్‌పోన్, నోట్లో పుట్ ఆఫ్.

రాయగడ కోడలు:
మేష్టారూ, నేను డబ్బులు లెక్కపెడుతుంటే మా పిల్లాడు పక్కన అరుస్తాడు. వాడికి 'డోంట్ పుట్ మీ ఆఫ్' అంటే సరేనా? ఇంకోటి, మా ఇంట్లో అందరూ 'పుట్ ఆఫ్ ద లైట్' అంటాం. అది తప్పని వైజాగ్ ట్యూషన్‌లో నలుగురిలో కొట్టిపారేశారు.

బరంపురం మేష్టారు (రిటైర్డ్):
మొదటిది భేషుగ్గా సరే, ధ్యాస చెదరగొట్టకు అని. రెండోది తప్పు కాదమ్మా, పాతది. ఇప్పుడు ఇంగ్లాండువాళ్ళు టర్న్ ఆఫ్, స్విచ్ ఆఫ్ అంటారు. మనం పాతది వదల్లేదు. అంతమాత్రానికి నలుగురిలో అనాలా!

గుణుపురం కుర్రోడు:
కాల్ ఆఫ్‌తో కూడా జాగ్రత్త అన్నయ్యా. మా అక్క నిశ్చితార్థం వారం వాయిదా పడితే, ఫ్యామిలీ గ్రూపులో 'కాల్డ్ ఆఫ్' అని పెట్టాను. అంటే రద్దు. గంటలో బరంపురం పిన్ని ఏడుస్తూ ఫోన్. అక్క ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు.

పర్లాకిమిడి కొమ్ము కొట్టు:
నయం, నాకు పోయింది కొంగలే. వాళ్ళకి మళ్ళీ రాద్దామనుకుంటున్నాను: 'వాట్ ప్రైస్ వుడ్ నాట్ పుట్ యూ ఆఫ్?' ఇది సరేనా మేష్టారూ?

బరంపురం మేష్టారు (రిటైర్డ్):
వ్యాకరణం సరే. కానీ బేరంలో ముందు మీరే నోరు జారకండి. ఎన్ని కొంగలు కావాలో అడగండి.