గ్రేడింగ్ ఫీజు విడిగా తీసుకోవాలా, నెల ఫీజులో కలిపేయాలా?

కొత్త డోజో:
నమస్తే అందరికీ. కరాటే నేర్పుతాను, సొంతంగా స్కూల్ పెట్టి ఎక్కువ కాలం కాలేదు. పిల్లల బ్యాచ్‌లు రెండు, పెద్దవాళ్లది ఒకటి. మా మాస్టర్ దగ్గర ఉన్న పద్ధతే నేనూ పెట్టాను, అంటే మూడు నెలలకోసారి గ్రేడింగ్ (పై బెల్ట్‌కి పరీక్ష), దానికి విడిగా ఫీజు. ఇప్పుడు చూస్తే సరిగ్గా గ్రేడింగ్ ఉన్న నెలలోనే ఎక్కువమంది మానేస్తున్నారు. పిల్లాడికి ఒంట్లో బాగాలేదంటారు, బడిలో పరీక్షలంటారు, ఆ తర్వాత ఇక రారు. అలాగని ఫీజు తీసేద్దామంటే, హాజరు పడిపోయిన నెలల్లో అద్దె కట్టేది ఆ డబ్బుతోనే. నెల ఫీజు కొంచెం పెంచి గ్రేడింగ్ కూడా అందులోనే అనేస్తే ఎలా ఉంటుంది? స్కూల్ నడిపినవాళ్లు చెప్పండి.

మూడో డాన్:
కలపకండి మేడమ్. చాలా ఏళ్లుగా స్కూల్ నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను. గ్రేడింగ్ అంటే ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని, బయటి నుంచి ఎగ్జామినర్‌ని పిలవాలి, బెల్టులు, సర్టిఫికెట్లు, హాలు. ఈ ఖర్చంతా పరీక్షకు కూర్చునేవాడిది. పెద్దవాళ్ల బ్యాచ్‌లో ఏడాదికోసారి కూడా పరీక్షకు రానివాళ్లుంటారు, వాళ్లెందుకు కట్టాలి? ఇంకోటి, ఫీజు కట్టి వస్తే పిల్లాడు ప్రాక్టీస్ చేసి వస్తాడు. ఉచితం అంటే ఎవరూ పట్టించుకోరు. మానేసేవాళ్లు ఎలాగూ మానేస్తారు, గ్రేడింగ్ వాళ్లకు ఒక సాకు, అంతే.

నీలం బెల్ట్:
మాది జియు జిత్సు. పరీక్షా లేదు, ఫీజూ లేదు. కోచ్‌కి సరే అనిపించిన రోజు క్లాస్ అయ్యాక పిలిచి బెల్ట్ కడతాడు.

చాప అంచు:
కలిపేయండి. విడి ఫీజు వల్ల ఏమవుతుందో పక్కనుండి చూశాను. మాస్టర్‌కి పరీక్షలో కూర్చున్న ప్రతి పిల్లాడూ ఆదాయమే, కాబట్టి సిద్ధంగా లేనివాడి పేరు కూడా లిస్టులోకి ఎక్కుతుంది. ఒక గ్రేడింగ్‌లో ఒక పిల్లాడు హేయాన్ షోదాన్ చేస్తున్నాడు, అంటే మొట్టమొదటి కటా, వరస తప్పకుండా చేసి చూపించాల్సిన కదలికలు. ఎడమకు తిరిగి గెదాన్ బరాయ్ (చేత్తో కింది వైపు అడ్డు) వేశాడు, ముందుకు ఒక గుద్దు, ఇక వెనక్కి తిరగాలి, ఆగిపోయాడు. పక్కవాడు ఎటు తిరుగుతున్నాడో చూసి వాడి వెనకే తిరిగాడు. వెనక కాలి మడమ గాల్లో ఉంది, మోకాలు వంగే ఉంది. ఎగ్జామినర్ తలెత్తి చూడకుండానే టిక్ పెట్టాడు. ఆ పిల్లాడు ఆరెంజ్ బెల్ట్ కట్టుకుని ఇంటికెళ్లాడు. డబ్బు తీసుకున్నాక ఫెయిల్ చేయడం ఎంత కష్టమో ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

మూడో డాన్:
"ప్రతి పిల్లాడూ ఆదాయమే" అని తేల్చేశారు. నా దగ్గర ఫెయిల్ అయినవాళ్లున్నారు. వాళ్లకు మళ్లీ రాసేటప్పుడు ఫీజు తీసుకోను. అందరూ ఒకలాగే ఉంటారని ఎలా రాస్తారు?

చాప అంచు:
మీ ఒక్కరి గురించి రాయలేదు సార్, పద్ధతి గురించి రాశాను.

మూడో డాన్:
పద్ధతి నడిపేది మనిషే కదా. మనిషి సరిగ్గా ఉంటే పద్ధతి ఏదైనా సరే. ఫెయిల్ చేయలేనివాడు ఫీజు కలిపేసినా ఫెయిల్ చేయలేడు, ఎందుకంటే అప్పుడు పిల్లాడు మానేస్తే నెల ఫీజే పోతుంది.

పాత పుస్తకాలు:
కొంచెం చరిత్ర చెబుతాను, ఎటువైపూ కాదు. ఈ డాన్‌లు, అంటే బ్లాక్ బెల్ట్‌లో మెట్లు, అనాదిగా వస్తున్నవి కావు. జూడో మొదలుపెట్టిన జిగోరో కానో 1882లో ఒక గుడి ఆవరణలో 12 చాపల స్థలంలో, 9 మంది విద్యార్థులతో కొడోకాన్ అనే తన స్కూల్ తెరిచారు, మరుసటి ఏడాది ఇద్దరికి తొలి డాన్ ఇచ్చారు. కరాటేలోకి అది తెచ్చింది కరాటే గురువు గిచిన్ ఫునాకోషి, 1924లో. పసుపు, ఆరెంజ్, ఆకుపచ్చ రంగులు యూరప్‌లో బాగా వ్యాపించింది 1930ల నుంచి, పారిస్‌లో జూడో నేర్పిన మికినోసుకే కవైషి వల్ల. మెల్లగా నేర్చుకునేవాళ్లకు మధ్యలో ఏదో ఒక మెట్టు కనబడాలనేది అక్కడి ఆలోచన. ఇక డబ్బు మాటకొస్తే, కానోకి వేరే బడిలో ఉపాధ్యాయుడి ఉద్యోగం ఉండేది. ఫునాకోషి టోక్యో వచ్చిన కొత్తలో విద్యార్థుల హాస్టల్లో కాపలా కాస్తూ, గదులు ఊడుస్తూ, తోటపని చేస్తూ కరాటే నేర్పారు.

మూడో డాన్:
అదీ మాట. అంతటి ఫునాకోషి గదులు ఊడ్చారు. గురువు ఫీజు అడగడం తప్పన్నట్టు మాట్లాడేవాళ్లు ఇది చదవాలి.

చాప అంచు:
ఫీజు అడగడం తప్పని ఎవరన్నారు? నేను కలపమంటున్నాను, మానేయమనడం లేదు. గదులు ఊడ్చిన మనిషి డబ్బు కోసం బెల్టులు పంచలేదు, ఆ ఉదాహరణ నా వైపుది.

ఇద్దరు పిల్లల అమ్మ:
నేను స్కూల్ నడపను, పిల్లల్ని పంపుతాను. ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఎంత అన్నది మాకు అంత పెద్ద విషయం కాదు, ఎప్పుడు చెప్పారన్నదే విషయం. చేర్చిన రోజు నెల ఫీజు, యూనిఫాం అన్నారు. మూడో నెలలో క్లాస్ గోడకు గ్రేడింగ్ లిస్ట్ అంటించారు, అందులో మావాడి పేరుంది, నన్ను ఎవరూ అడగలేదు. వాడు ఎగురుకుంటూ వచ్చి చెప్పాడు, చేతిలో ఫీజు కాగితం. అందరి ముందు పేరు చదివాక వద్దని ఎలా అంటాం? కట్టాను. ఆ తర్వాత గ్లవ్స్, తర్వాత టోర్నమెంట్, తర్వాత ఫెడరేషన్ కార్డు. ఏడాదికి మొత్తం ఇంత అవుతుందని మొదటి రోజే చెప్పుంటే ఏ గొడవా ఉండేది కాదు. చివరికి మాన్పించింది ఆ చిరాకుతోనే, కరాటే నచ్చక కాదు.

కొత్త డోజో:
ఇది నాకు బాగా పనికొచ్చే మాటండీ, థ్యాంక్స్. నేనూ లిస్ట్ గోడకే అంటిస్తున్నాను.

లెక్కల పుస్తకం:
మానేయడం గురించి అంకెలు వేసుకోకుండా మాట్లాడుతున్నారు. వంద మంది ఉన్న స్కూల్లో నెలకు 5 శాతం మంది మానేస్తే ఏడాది తిరిగేసరికి ఆ వందలో మిగిలేది 54 మంది. 3 శాతానికి తగ్గిస్తే 69 మంది. ఒక విద్యార్థి సగటున ఉండే కాలం మొదటి లెక్కలో 20 నెలలు, రెండో లెక్కలో 33. అంటే మానేసేవాళ్లను కొంచెం ఆపగలిగితే వచ్చే నెల ఫీజులు గ్రేడింగ్ డబ్బుకంటే ఎక్కువే కావచ్చు. మేడమ్ అడిగినదానికి అసలు పరీక్ష ఇదే, గ్రేడింగ్ నెలలో ఎంతమంది పోతున్నారు, మామూలు నెలలో ఎంతమంది పోతున్నారు అని విడిగా రాసుకోండి. తేడా లేకపోతే మూడో డాన్ గారి మాటే కరెక్ట్, అది సాకే.

మూడో డాన్:
అంకెలు బాగున్నాయి, కానీ బెల్ట్ ఆశ వల్లే నిలబడే పిల్లలు ఎంతమందో అందులో లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఏడాదంతా తెల్లబెల్ట్ అంటే ఆర్నెల్లకే బ్యాడ్మింటన్‌కి పోతాడు. గ్రేడింగ్ వల్ల మానేసేవాళ్లనే చూస్తున్నారు, గ్రేడింగ్ వల్ల ఆగినవాళ్లు కనబడరు.

చాప అంచు:
అందుకని "మూడేళ్లలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ" ప్యాకేజీలు అమ్ముదామా? బ్రెజిలియన్ జియు జిత్సు ఫెడరేషన్ నిబంధనలు చూడండి, 16 ఏళ్లు రాకుండా నీలం బెల్ట్ లేదు, బ్లాక్ బెల్ట్‌కి కనీసం 19 ఏళ్లుండాలి. తైక్వాండోలో డాన్‌లు ఇచ్చే కొరియా సంస్థ కుక్కివాన్ కూడా 15 లోపు పిల్లలకు డాన్ బదులు పూమ్ అనే పిల్లల గ్రేడ్ ఇస్తుంది. మన దగ్గర పదేళ్ల పిల్లాడు నల్లబెల్ట్ కట్టుకుని ఫ్లెక్సీలో నిలబడతాడు.

మూడో డాన్:
నేను ఏ గ్యారంటీ అమ్మలేదు. అననిది నా నోట్లో పెట్టకండి.

నీలం బెల్ట్:
మా దగ్గర కూడా పిల్లలకు గ్రే, ఎల్లో, ఆరెంజ్, గ్రీన్ ఉన్నాయి లెండి. పిల్లలకు రంగులు అందరూ ఇస్తారు.

మూడో డాన్:
చాప అంచు గారూ, సూటిగా అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా ఒక్క నెల అద్దె కట్టారా? క్లాస్‌కి నలుగురే వచ్చిన వర్షాకాలం సాయంత్రాలు చూశారా? చాపలు చిరిగితే మీ జేబులోంచి మార్చారా? పగలంతా ఖాళీగా ఉండే హాలుకు సాయంత్రం మూడు గంటల కోసం నెలంతా అద్దె కట్టడం అంటే ఏంటో తెలియకుండా బయట కూర్చుని నీతులు చెప్పడం తేలిక.

చాప అంచు:
అద్దె కట్టలేదు. కానీ మీరు చెప్పిన ఆ వర్షాకాలం సాయంత్రాలు క్లాస్ తీసుకున్నది నేనే, మాస్టర్ కాదు. ఆయన రెండో బ్రాంచ్‌లో ఉండేవారు. బ్రౌన్ బెల్ట్ వచ్చినప్పటినుంచి పిల్లల బ్యాచ్ మొత్తం నాదే. తాళం తీసేది నేను, చాపలు తుడిచేది నేను, ఏడ్చే పిల్లాడిని ఊరుకోబెట్టేది నేను, లైన్‌లో నిలబెట్టి హేయాన్ షోదాన్ నేర్పింది నేను. ఒక్క నెల కూడా జీతం లేదు. పైగా నేను నెల ఫీజు కట్టేవాణ్ణి! నా గ్రేడింగ్‌కీ కట్టేవాణ్ణి. గ్రేడింగ్ రోజు నేను తయారుచేసిన పిల్లలు వరసగా వచ్చి కవర్లు టేబుల్ మీద పెట్టేవాళ్లు, ఆ కవర్లు లెక్కపెట్టి రాసేది కూడా నేనే. ఒకసారి క్లాస్‌కి కొంచెమైనా ఇవ్వమని అడిగితే "నేర్పడం కూడా నీ శిక్షణలో భాగమే, గురువు దగ్గర లెక్కలా" అన్నారు. మానేసినప్పుడు పిల్లల్ని ఎత్తుకుపోతున్నానని అందరికీ చెప్పారు. నేను ఎవరినీ పిలవలేదు. అందుకే గ్రేడింగ్ ఫీజు అనగానే నాకు ఒళ్లు మండుతుంది.

పాత పుస్తకాలు:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

మూడో డాన్:
మీకు జరిగింది బాగాలేదు, అది ఒప్పుకుంటాను. కానీ రెండో వైపు కూడా వినండి. నా దగ్గర తెల్లబెల్ట్ నుంచి పెరిగిన కుర్రాడు, సొంత పిల్లాడిలా చూశాను, టోర్నమెంట్లకు నా ఖర్చుతో తిప్పాను. ఒకరోజు నా స్కూల్‌కి నడిచి వెళ్లేంత దూరంలో బోర్డు పెట్టాడు. నా రిజిస్టర్‌లోంచి తల్లిదండ్రుల నంబర్లు తీసుకుని అందరికీ మెసేజ్ పెట్టాడు, సాయంత్రం బ్యాచ్ సగం ఖాళీ. దాని తర్వాత సీనియర్లకు బాధ్యత ఇవ్వాలంటే భయం. డబ్బిస్తే ఉంటారని అందరూ అంటారు, డబ్బిచ్చినా పోయేవాడు పోతాడు.

చాప అంచు:
ఆ కుర్రాడికి మీరు జీతం ఇచ్చేవారా?

మూడో డాన్:
ఫీజు తీసుకునేవాణ్ణి కాదు.

చాప అంచు:
అది జీతం కాదు సార్.

లెక్కల పుస్తకం:
ఇద్దరూ ఆగండి. శిక్షణ ఏదో పని ఏదో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. ఆ మనిషి ఆ రోజు రాకపోతే క్లాస్ ఆగిపోతుందా? ఆగిపోతే అది పని, డబ్బివ్వాలి. మాస్టర్ హాల్లో ఉండి, సీనియర్ పక్కన నిలబడి కొత్తవాళ్ల భంగిమ సరిచేస్తుంటే అది శిక్షణ అనొచ్చు. క్లాస్‌కి ఇంత అని పెట్టి నెలాఖరున ఇచ్చేయండి. ఆ డబ్బు వేసుకున్నాక బ్యాచ్ నడవడం లేదంటే నెల ఫీజు తక్కువ పెట్టారని అర్థం, ఇన్నాళ్లూ ఆ తేడా సీనియర్ భరించాడు. వెళ్లిపోతే నంబర్లు వాడకూడదు లాంటివి కూడా మొదట్లోనే కాగితం మీద రాసుకోండి, మొహమాటపడకండి.

ఇద్దరు పిల్లల అమ్మ:
వెళ్తానన్నాను కానీ చదువుతున్నాను. మా పిల్లల క్లాస్ ఎక్కువ రోజులు ఒక కుర్రాడే తీసుకునేవాడు, పదహారో పదిహేడో ఉంటాయి. మంచివాడే. కానీ ఎవరికైనా చెయ్యి విరిగితే, తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలో అతనికి ఎవరైనా నేర్పారా? పెద్దవాళ్లెవరూ లేకుండా పాతికమంది పిల్లల్ని అతని మీద వదిలేశారని నాకు అప్పుడు తట్టలేదు. మేము ఫీజు కట్టింది మాస్టర్‌ని చూసి.

మూడో డాన్:
అది నేనూ ఒప్పుకోను. పద్దెనిమిది లోపు వాళ్లకు ఒంటరిగా క్లాస్ ఇవ్వకూడదు, ఫస్ట్ ఎయిడ్ రాని మనిషి చేతిలో బ్యాచ్ పెట్టకూడదు. అందులో చర్చే లేదు.

కొత్త డోజో:
నేను ఫీజు గురించి అడిగాను కానీ ఇది చదువుతుంటే నా దగ్గర ఉన్న ఇద్దరు సీనియర్లే గుర్తొస్తున్నారు. ఒకరు బ్రౌన్, ఒకరు మొదటి డాన్. చిన్నపిల్లల బ్యాచ్‌లో సగం రోజులు వాళ్లే, ఇద్దరూ నెల ఫీజు కడుతున్నారు. లెక్కల పుస్తకం గారు చెప్పిన ప్రకారం చూస్తే అది పనే, వాళ్లు రాకపోతే నేను ఒక్కదాన్నే రెండు బ్యాచ్‌లు చూడలేను.
కాబట్టి ఇలా చేద్దామనుకుంటున్నాను. కలర్ బెల్ట్ గ్రేడింగ్ నెల ఫీజులో కలిపేస్తాను, ఏడాది మొత్తం ఎంతవుతుందో చేరే ఫారం మీదే రాస్తాను. బ్లాక్ బెల్ట్‌కి ఫెడరేషన్ తీసుకునేది ఎంతో అంతే విడిగా, పైన నాదేమీ ఉండదు. లిస్ట్ గోడకు అంటించే ముందు తల్లిదండ్రులకు ఫోన్. సీనియర్లిద్దరికీ ఈ నెల నుంచే ఫీజు ఆపి, క్లాస్‌కి ఇంత అని ఇస్తాను. ఎంతన్నది వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడతాను. నెల ఫీజు పెంచాల్సి వస్తుంది, కొందరు పోతారేమో.

చాప అంచు:
ఇన్నాళ్లు కట్టించుకున్న ఫీజు సంగతి కూడా వాళ్లతో మాట్లాడండి మేడమ్. వాళ్లంతట వాళ్లు అడగరు, నేనూ చాలాకాలం అడగలేదు.

మూడో డాన్:
గ్రేడింగ్ ఫీజు విడిగానే ఉండాలన్న మాట మీదే నేనున్నాను. సీనియర్ల విషయంలో మీరు చేస్తున్నది సరైనదే. రెండు గ్రేడింగ్‌లు అయ్యాక ఎంతమంది మానేశారో, అద్దె, జీతాలు పోను ఎంత మిగిలిందో ఇక్కడే రాయండి. లెక్క చూసి మాట్లాడుకుందాం.