థాయ్‌లాండ్, సింగపూర్‌లో ఖర్చులకి ఏది చవక: ఫారెక్స్ కార్డా, డాలర్లా, మన కార్డేనా?

బందరురోడ్డు (ప్రశ్న)

అమ్మ, నాన్నగారు, మా ఆవిడ, నేను వచ్చే నెల బ్యాంకాక్, ఫుకెట్, అక్కణ్ణుంచి సింగపూర్ వెళ్తున్నాం. టికెట్లు, హోటళ్ల డబ్బు కట్టేశాం. తిండి, తిరుగుడు, షాపింగ్ కలిపి లక్షన్నర దాకా అవుతుందని అంచనా. బ్యాంకులో అడిగితే ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీ ముందే వేసుకుని వాడే కార్డు) తీసుకోమన్నారు. ట్రావెల్ ఏజెంట్ మాత్రం బాట్‌లు (థాయ్ కరెన్సీ) తనే తెప్పిస్తానంటున్నాడు, ఒక్కోటి రూ.2.85 చెప్పాడు. నా దగ్గర రూపే డెబిట్ కార్డు, వీసా క్రెడిట్ కార్డు ఉన్నాయి. ఏ దారిలో తక్కువ పోతుంది? టీసీఎస్ (కొనేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కూడా పడుతుందా?

లెక్కలపుస్తకం

ముందు గూగుల్‌లో ఆ రోజు అసలు రేటు చూసుకోండి. దానికీ, మీ జేబులోంచి నిజంగా పోయే డబ్బుకీ ఉన్న తేడానే మీ ఖర్చు. "కమిషన్ లేదు" అని బోర్డు పెట్టిన చోట ఆ కమిషన్ రేటులోనే ఉంటుంది.

20,000 బాట్ నగదు కావాలనుకుందాం. రేట్లు రోజూ మారతాయి కాబట్టి లెక్క వేసే పద్ధతి చూడండి, అంకెలు ఉదాహరణకే. అసలు రేటు బాట్‌కి 2.68 అనుకుంటే 20,000 బాట్ విలువ రూ.53,600.

మీ ఏజెంట్ దగ్గర 2.85 చొప్పున రూ.57,000 అవుతుంది. అంటే ఆరు శాతానికి పైనే పోతోంది. పైగా అతనికి ఆర్‌బీఐ లైసెన్సు ఉందో లేదో కనుక్కోండి. రసీదు లేకుండా కరెన్సీ కొనొద్దు.

ఇక్కడ డాలర్లు కొని బ్యాంకాక్‌లో మారిస్తే: డాలర్ రూ.88కి దొరికి, అక్కడ 32.40 బాట్ ఇస్తే, 88ని 32.40తో భాగించండి. బాట్ మీకు 2.716 పడింది. 20,000 బాట్‌కి సుమారు రూ.54,320. రెండుసార్లు మార్చినా ఏజెంట్ కన్నా ఇదే చవక. కారణం ఏమిటంటే మన ఊళ్లో డాలర్‌కి గిరాకీ ఎక్కువ, కొనే రేటుకీ అమ్మే రేటుకీ తేడా తక్కువ. బాట్ కొనేవాళ్లు తక్కువ కాబట్టి డీలర్ మార్జిన్ ఎక్కువ వేసుకుంటాడు.

మార్కప్ (విదేశీ వాడకం మీద బ్యాంకు వేసే అదనపు శాతం) లేని డెబిట్ కార్డుతో అక్కడి ఏటీఎంలో తీస్తే: థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డు మీద ఒక్కోసారికి 220 బాట్ లేదా ఆపైన పట్టుకుంటాయి. 20,220 బాట్‌ని 2.68తో గుణిస్తే రూ.54,190. డాలర్లకి దగ్గరగానే వచ్చింది. అదే ఏటీఎంలో 5,000 చొప్పున నాలుగుసార్లు తీస్తే 880 బాట్ ఫీజుకే పోతాయి, అంటే 4.4 శాతం. తీస్తే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి.

మామూలు డెబిట్ కార్డయితే ఆ 220 కాక, తీసిన మొత్తం మీద బ్యాంకు మార్కప్ 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. విదేశీ విత్‌డ్రా ఫీజు వందా నూట యాభై దాకా వేరే. చివరికి ఏజెంట్ చెప్పిన రేటు దగ్గరికే వస్తుంది.

క్రెడిట్ కార్డుతో మాత్రం ఏటీఎం జోలికే వెళ్లకండి. క్యాష్ అడ్వాన్స్ ఫీజు సాధారణంగా 2.5 శాతం, కనీస మొత్తం రూ.500 దాకా ఉంటుంది. వడ్డీ సాధారణంగా ఆ రోజు నుంచే మొదలవుతుంది. మార్కప్ సున్నా అని ఇచ్చిన క్రెడిట్ కార్డుల్లోనూ చాలావాటికి ఇదే వర్తిస్తుంది.

పాతనోటు

పైన చెప్పిన డాలర్ల దారి పనిచేయాలంటే నోట్లు బాగుండాలి. బ్యాంకాక్ మనీ ఛేంజర్ల బోర్డు మీద డాలర్‌కి ఒకే రేటు ఉండదు. 100 నోట్లకి ఎక్కువ, చిన్న నోట్లకి తక్కువ. కాబట్టి ఇక్కడ కొనేటప్పుడే 100 నోట్లు అడగండి. కౌంటర్ దగ్గరే ఒక్కో నోటు రెండువైపులా తిప్పి చూడండి: పెన్ను గీత, చిన్న రబ్బరు ముద్ర, అంచున చిరుగు, టేపు ఏది ఉన్నా మార్చి ఇమ్మనండి. అక్కడివాళ్లు అలాంటి నోటు తిప్పి పంపేస్తారు, లేదా రేటు తగ్గిస్తారు. మడతలు పడకుండా పాస్‌పోర్ట్ కవర్లో నిలువుగా పెట్టుకోండి.

సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో లగేజీ బెల్టుల దగ్గర, అరైవల్ హాల్లో కనిపించే కౌంటర్లలో మార్చకండి. లిఫ్టులో కింద బి ఫ్లోర్‌కి, ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ స్టేషన్ వైపు వెళ్తే సూపర్‌రిచ్ లాంటి ఛేంజర్లు ఉంటారు. అదే భవనంలో, రేటు మాత్రం ఊళ్లోలా ఉంటుంది. ఆకుపచ్చ బోర్డు సూపర్‌రిచ్, నారింజ బోర్డు సూపర్‌రిచ్ వేర్వేరు కంపెనీలు, రెండూ మంచివే. ఒరిజినల్ పాస్‌పోర్ట్ చేతిలో ఉంచుకోండి. ఫుకెట్‌లో రేటు సాధారణంగా తక్కువగా ఉంటుంది, అక్కడికి కావలసింది కూడా బ్యాంకాక్‌లోనే మార్చుకోండి.

మీ నలుగురికీ 100 నోట్లు ఏడు చాలు. ముందు అయిదు మార్చండి. మిగతా రెండూ అవసరం పడకపోతే సింగపూర్‌లో మార్చుకోవచ్చు. ముందే అంతా బాట్‌లు కొనేస్తే ఈ వెసులుబాటు ఉండదు. మన రూపాయి నోట్లు అక్కడ మారుస్తారు కానీ రేటు చాలా తక్కువ. వాటిని నమ్ముకుని వెళ్లొద్దు.

బందరురోడ్డు

చాలా థాంక్సండీ. మరి బ్యాంకువాళ్లు చెప్పిన ఫారెక్స్ కార్డు? నా వీసా క్రెడిట్ కార్డు షాపుల్లో వాడుకోవచ్చా?

స్వైప్‌మెషీన్

ఫారెక్స్ కార్డులో బాట్ వేసుకునే వీలుందా అని మొదటి ప్రశ్నగా అడగండి. కొన్ని కార్డుల్లో ఉంది, చాలావాటిలో లేదు. లేకపోతే డాలర్లు వేస్తారు. బ్యాంకాక్‌లో గీకగానే డాలర్ నుంచి బాట్‌కి మారుతుంది. దానికి క్రాస్ కరెన్సీ ఛార్జీ 2 నుంచి 3.5 శాతం ఉంటుంది. లోడ్ చేసేటప్పుడు ఇచ్చే రేటులో ఒకటి రెండు శాతం మార్జిన్ ముందే పోయింది. తిరిగొచ్చాక మిగిలింది రూపాయల్లోకి మార్చుకుంటే ఇంకో మార్జిన్. సింగపూర్ డాలర్లు దాదాపు అన్ని మల్టీ కరెన్సీ కార్డుల్లో ఉంటాయి, అక్కడికైతే పరవాలేదు. రూపాయి పడిపోతుందన్న భయం ఉన్నవాళ్లకి, పిల్లల్ని చదువుకి పంపేవాళ్లకి ఇది ఉపయోగం. పది రోజుల ట్రిప్పుకి నా ఓటు దీనికి కాదు.

మీ వీసా కార్డు మార్కప్ ఎంతో బ్యాంకు ఫీజుల పట్టికలో "ఫారిన్ కరెన్సీ మార్కప్" వరుసలో ఉంటుంది. 3.5 ఉంటే లక్షకి రూ.4,130 పోయినట్టు. ఇంకా నెల టైం ఉంది కాబట్టి మార్కప్ సున్నా కార్డుకి అప్లై చేయండి: ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇస్తారు, ఫెడరల్ బ్యాంకు స్కేపియా ఉంది, డెబిట్ కావాలంటే నియో గ్లోబల్ ఉంది. నిబంధనలు మారుతుంటాయి, తీసుకునే రోజు పట్టిక మళ్లీ చదవండి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది మాత్రం బిల్లు కౌంటర్ దగ్గర. భారతీయ కార్డు పెట్టగానే మెషీన్ "రూపాయల్లో కడతారా, బాట్‌లోనా" అని అడుగుతుంది. రూపాయలంటే మనకి తెలిసిన లెక్క కదా అని నొక్కుతారు. అప్పుడు మారకం రేటు మీ బ్యాంకుది కాదు, ఆ షాపు మెషీన్ కంపెనీది. అయిదారు శాతం ఎక్కువ వేయడం మామూలే. దాని మీద, విదేశీ షాపులో రూపాయల్లో కట్టినందుకు మన బ్యాంకులు చాలావరకు ఇంకో 1 శాతం, దానికి జీఎస్టీ వేస్తాయి. మార్కప్ సున్నా కార్డు పెట్టుకుని కూడా ఇక్కడ దెబ్బతింటారు. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. ఏటీఎంలో అయితే "వితవుట్ కన్వర్షన్" నొక్కండి, లావాదేవీ ఆగిపోతుందేమో అన్నట్టు స్క్రీన్ భయపెడుతుంది కానీ ఆగదు. కౌంటర్‌లో అమ్మాయి తనే నొక్కేస్తే స్లిప్ చూడండి. ఐఎన్‌ఆర్ అని ఉంటే అప్పుడే వాయిడ్ చేయించి మళ్లీ కొట్టించండి. షాపు దాటి వచ్చాక ఏమీ చేయలేరు.

బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి. షాపులో వాడకం, ట్యాప్, ఏటీఎం, ఆన్‌లైన్ వేర్వేరు స్విచ్‌లుగా ఉంటాయి, ట్యాప్ మర్చిపోతారు. గ్రాబ్ (అక్కడి టాక్సీ) యాప్‌లో కార్డు ఇక్కడే చేర్చుకోండి, ఓటీపీ కోసం అక్కడ తిప్పలు పడక్కర్లేదు. రూపే డెబిట్ దేశీయ కార్డయితే అక్కడ అసలు పనిచేయదు. రెండు కార్డులు ఉంటే ఒకటి మీ దగ్గర, ఒకటి మీ ఆవిడ దగ్గర పెట్టుకోండి. బ్యాంకాక్‌లో బండి తిండి, బోట్లు, సాంగ్‌థావ్‌లు (షేర్ ఆటోల్లాంటి ట్రక్కు బళ్లు) ఎక్కువగా నగదే. కొన్ని షాపులు కార్డుకి 3 శాతం అదనం వేస్తాయి, అక్కడ కూడా నగదే ఇవ్వండి.

సింగపూర్‌బావ

సింగపూర్ దాదాపు అంతా కార్డే బావగారూ, మీరు నగదు తక్కువ తెచ్చుకోండి. హాకర్ సెంటర్లలో (తిండి స్టాళ్లన్నీ ఒకచోట ఉండేవి) కొన్ని స్టాళ్లు మాత్రం నగదో, స్థానిక క్యూఆరో అడుగుతాయి. నలుగురికి కలిపి 150 సింగపూర్ డాలర్లు సరిపోతాయి. మిగిలిన అమెరికన్ డాలర్లు లిటిల్ ఇండియాలో ముస్తఫా షాపింగ్ సెంటర్ దగ్గరున్న ఛేంజర్ల దగ్గర గానీ, రాఫిల్స్ ప్లేస్‌లోని ది ఆర్కేడ్‌లో గానీ మార్చండి.

ఎంఆర్‌టీ (ఇక్కడి మెట్రో రైలు), బస్సులకి వీసా, మాస్టర్‌కార్డ్ నేరుగా ట్యాప్ చేయొచ్చు. విదేశీ కార్డుకి వాడిన రోజుకి 60 సెంట్ల ఫీజు పడుతుంది. ఈజీ లింక్ (ముందే డబ్బు వేసుకునే ఇక్కడి ప్రయాణ కార్డు) కొంటే తిరిగిరాని 5 డాలర్లు పోతాయి. కాబట్టి ఎనిమిది రోజుల లోపు ఉంటే ట్యాపే చవక. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లలేరు, ఎవరి కార్డు వాళ్లకి ఉండాలి. అమ్మానాన్నలకి కార్డు లేకపోతే వాళ్లిద్దరికీ ఈజీ లింక్ తీసుకోండి. ఫోన్‌తో ఎక్కి కార్డుతో దిగితే అవి రెండు వేరే కార్డులుగా లెక్కపడి ఛార్జీ ఎక్కువ పడుతుంది. ఏది పెట్టి ఎక్కారో అదే పెట్టి దిగండి.

యూపీఐ ఇక్కడ కొన్ని షాపుల్లో నడుస్తుంది, యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవాలి. పిన్ కొట్టే ముందు రూపాయల్లో ఎంత పోతుందో కనిపిస్తుంది, గూగుల్ రేటుతో పోల్చి చూసి కొట్టండి. ఒకే షాపులో 100 డాలర్లకి పైన కొంటే 9 శాతం జీఎస్టీ రీఫండ్‌కి అడగండి, కౌంటర్‌లో పాస్‌పోర్ట్ చూపాలి. చాంగీ ఎయిర్‌పోర్ట్‌లో చెక్ ఇన్‌లో వేసే సామానయితే లగేజీ ఇచ్చేయకముందే రీఫండ్ మెషీన్ దగ్గర పని చేసుకోండి.

లెక్కలపుస్తకం

టీసీఎస్ ప్రశ్న మిగిలిపోయింది. డాలర్లు కొన్నా, ఫారెక్స్ కార్డు లోడ్ చేసినా ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో రూ.10 లక్షలు దాటేదాకా టీసీఎస్ లేదు (2025 ఏప్రిల్ నుంచి ఈ పరిమితి). విదేశంలో క్రెడిట్ కార్డు గీకినది ప్రస్తుతానికి ఆ లెక్కలోకి రాదు. టూర్ ప్యాకేజీ కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే టీసీఎస్, మీరు విడివిడిగా కట్టారు కాబట్టి మీకు లేదు. డాలర్ల కొనుగోలు మీద జీఎస్టీ చిన్నదే, లక్షకి రూ.180. డీలర్ దగ్గరికి పాస్‌పోర్ట్, పాన్, టికెట్ తీసుకెళ్లండి. రూ.50,000 దాటితే బ్యాంకు ద్వారానే కట్టాలి. శంషాబాద్, గన్నవరం ఎయిర్‌పోర్ట్‌కి వదిలేయకుండా ఊళ్లోనే కనీసం ముగ్గురు డీలర్లకి ఫోన్ చేసి, "అన్నీ కలుపుకుని 700 డాలర్లకి నేను ఎంత ఇవ్వాలి?" అని ఒకే మాట అడగండి. రేటు అడిగితే ఛార్జీలు చివర్లో చెప్తారు.