ముసురు పట్టాక పియానోలో రెండు మీటలు మొరాయిస్తున్నాయి

నమస్తే. నల్లగొండలో డాక్టర్‌ని. చిన్నప్పటి నుంచీ పియానో వాయిస్తున్నాను, ఓపీ అయ్యాక కాసేపు దాని ముందు కూర్చోకపోతే నిద్ర పట్టదు. ఇంట్లో ఉన్నది పాత అప్‌రైట్ (నిలువు పియానో), 88 మీటలది.

ముసురు పట్టినప్పటి నుంచి మిడిల్ సి (మీటల వరుస మధ్యలో ఉండే స్వరం) పక్కనున్న డి, ఎఫ్ మీటలు ఒకసారి పలికాక, వెంటనే మళ్లీ నొక్కితే పలకడం లేదు. పొద్దున ఎక్కువ, ఏసీ రెండు గంటలు నడిచాక కొంచెం నయం. గదిలో తేమ 74 శాతం చూపిస్తోంది. ఎండాకాలంలో ఈ బాధే లేదు.

పియానో ముందువైపు పలక తీసి చూశాను. మీటల సందుల్లో ఏమీ ఇరుక్కోలేదు, అవి తేలిగ్గానే ఆడుతున్నాయి. కానీ ఆ మీటలు నొక్కితే తీగలను కొట్టే రెండు సుత్తులను వేలితో తీగ దాకా నెట్టి వదిలితే, పక్కవాటికంటే బద్ధకంగా వెనక్కి వస్తున్నాయి. సుత్తి తిరిగే పిన్ను చుట్టూ ఉన్న ఫెల్ట్ (ఉన్ని గుడ్డ) తేమకు ఉబ్బిందని నా అనుమానం. సిలికా జెల్ సంచులు పెట్టాను, తేడా లేదు. నూనె, స్ప్రే లాంటివి మాత్రం వేయలేదు, నిర్ధారణ కాకుండా మందు వేయడం నాకు పడదు. పియానో సరిచేసే ట్యూనర్ హైదరాబాద్ నుంచి రావాలి, ఇప్పట్లో కుదరదట.

గది ఆరితే ఇది దానంతటదే సర్దుకుంటుందా, లేక ఆ పిన్నులు మార్పించాల్సిందేనా?