చోడి (రాగి) పిండితో ఇంజెరా: గంజి కలిపాక ఎంతసేపు ఆగాలి?

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో వాలంటీరుగా ఉన్నప్పుడు అక్కడి వంట క్లాసులో ఇంజెరా నేర్చుకున్నాను. మన అట్టు లాంటిదే, కానీ తిరగెయ్యరు. పైనంతా కళ్లలా చిల్లులు పడాలి. అక్కడ టెఫ్ (ఆ దేశపు సన్న గింజ ధాన్యం) పిండి, మూడు రోజుల పులుపు. ఆ ఊరు 2,300 మీటర్ల ఎత్తున ఉంది, చల్లగా ఉంటుంది. నా లెక్క అక్కడే తప్పుతోందని అనుమానం.

విశాఖలో నాకు టెఫ్ దొరకలేదు. పూర్ణా మార్కెట్లో చోళ్లు కొని మర ఆడించాను. రెండు కప్పుల పిండికి మూడు కప్పుల నీళ్లు. వంటింట్లో 32 డిగ్రీలు, ఉక్క సరేసరి.

72 గంటలు ఉంచితే కుళ్లు వాసన, పారబోశాను. 36 గంటలకి పులుపు ఘాటెక్కింది, బుడగలు చచ్చిపోయాయి. 24 గంటలకి పులుపు బాగానే కుదిరింది, కళ్లు మాత్రం అంచున నాలుగైదే. చుట్టబోతే విరిగింది. క్లాసులో చెప్పినట్టే పులిసిన పిండి అరకప్పు తీసి, నీళ్లతో గంజిలా ఉడికించి, చల్లార్చి మళ్లీ కలిపాను (దీన్ని వాళ్లు అబ్సిత్ అంటారు). గంట ఆగి, పెనం మీద పోసి మూతపెట్టాను. ఇనప పెనం, నాన్‌స్టిక్ రెండిట్లోనూ అదే వరస. పిండిని ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులైనా కదల్లేదు. వంటసోడా వేస్తే కళ్లొచ్చాయి గానీ ఆ రుచి వేరు, మా అమ్మ మొదటి ముక్కకే పసిగట్టేసింది.

చోడిపిండి పులియబెట్టి అట్లు పోసే అలవాటున్నవాళ్లు చెప్పండి: 24 గంటలు పులిసిన పిండిలో గంజి కలిపాక, ఈ వేడిలో ఎన్ని గంటలు ఆగి పెనం మీద పోయాలి?