మత్తు మానే చికిత్సలో జీవన నాణ్యతను కొలవడం: ఏ ఫారం, ఎప్పుడు, ఎవరు అడగాలి?

ఓఎస్‌టీ_కౌన్సెలర్
హెరాయిన్, సూది మందుల అలవాటు నుంచి బయటపడటానికి రోజూ బ్యూప్రెనార్ఫిన్ మాత్ర (హెరాయిన్‌కు బదులుగా వైద్యులు ఇచ్చే మందు) తీసుకునేవాళ్ల జీవన నాణ్యతను క్రమం తప్పకుండా నమోదు చేయాలనుకుంటున్నాం. మూత్ర పరీక్షతో మత్తు వాడారా లేదా అన్నదే తేలుతుంది. నిద్ర పడుతోందా, ఇంట్లోవాళ్లు పలకరిస్తున్నారా, చేతిలో నాలుగు డబ్బులు ఉంటున్నాయా అన్నది దాంతో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జీవన నాణ్యత ప్రశ్నావళి, డబ్ల్యూహెచ్‌వోక్వాల్-బ్రెఫ్, వాడదామని ఉంది. ఈ రోగుల దగ్గర అది ఎక్కడ తేడా కొడుతుందో చెప్పగలరా?

క్లినికల్_సైక్
బ్రెఫ్ సరైనదేనండి. మొత్తం 26 ప్రశ్నలు, గత రెండు వారాల గురించే అడుగుతుంది. మొదటి రెండూ సాధారణ ప్రశ్నలు. మిగతావి శారీరకం 7, మానసికం 6, సామాజిక సంబంధాలు 3, పరిసరాలు 8. ఈ నాలుగింటినీ కలిపి ఒకే స్కోరు చేయకండి. ఒంట్లో బాగుపడి, బయట ఇంకా అప్పులూ అవమానాలూ తీరని మనిషి ఆ ఒక్క అంకెలో కనబడకుండా పోతాడు.

అసలు చిక్కు రెండు వారాల గడువుతోనే. హెరాయిన్ ఆపాక విత్‌డ్రాయల్ (మత్తు అందక వచ్చే నొప్పులు, ఇబ్బందులు) 8–12 గంటల్లో మొదలై, రెండు మూడు రోజులకు బాగా ముదిరి, వారంలో తగ్గుముఖం పడుతుంది. నిద్రలేమి మాత్రం ఇంకా కొన్ని వారాలు వేధిస్తుంది. చేరిన వారంలో అడిగితే ఆ నొప్పులే స్కోరులోకి వస్తాయి. నెల తర్వాత పెరిగిన స్కోరులో చికిత్స వాటా ఎంతో, విత్‌డ్రాయల్ తగ్గడం వాటా ఎంతో విడదీయలేం. చేరినప్పటి స్కోరు తీసుకోండి, కానీ పక్కన ‘విత్‌డ్రాయల్‌లో ఉన్నారు’ అని రాయండి. డోసు కుదుటపడ్డాక ఒకసారి, తర్వాత 3, 6, 12 నెలలకు మళ్లీ అడగండి. పోలిక డోసు కుదిరినప్పటి స్కోరుతోనే చేయండి.

ఇన్‌పేషెంట్లయితే ఇంకో మాట. వార్డులో రెండు వారాలు గడిపిన మనిషిని రవాణా సౌకర్యం గురించి, ఖర్చులకు సరిపడా డబ్బు గురించి అడిగితే వచ్చే జవాబు ఇంటి జీవితానికి సంబంధించింది కాదు.

డేటా_ఎంట్రీ_హైదరాబాద్
స్కోరింగ్‌లో తప్పు ఎక్కువగా పోయేది 3, 4, 26 ప్రశ్నల దగ్గర. ప్రతి ప్రశ్నకూ జవాబు 1 నుంచి 5 దాకా ఉంటుంది, కానీ ఈ మూడింటిలో అంకె పెరిగితే పరిస్థితి బాగాలేదని అర్థం. అందుకే అవి తిరగేయాల్సినవి: 6 లోంచి జవాబు తీసేయాలి. కానీ కొన్ని ఫారాల్లో ఈ మూడింటికీ అంకెలు ముందే 5, 4, 3, 2, 1 అని తిప్పి అచ్చేసి ఉంటాయి. అది గమనించకుండా ఎక్సెల్‌లో మళ్లీ తిప్పితే నొప్పి ఎక్కువున్నవాళ్లకు మంచి స్కోరు వస్తుంది. మీ దగ్గరున్న ఫారం ఏ రకమో ముందు చూసుకోండి.

లెక్క ఇలా: విభాగంలోని జవాబుల సగటును 4తో గుణిస్తే 4–20 మధ్య వస్తుంది. అందులోంచి 4 తీసేసి, 100తో గుణించి, 16తో భాగిస్తే 0–100 స్కోరు. సామాజిక విభాగంలో 3, 2, 4 అని చెప్పారనుకోండి. సగటు 3, నాలుగింతలు 12, చివరికి 50.

ఈ విభాగంలో మూడే ప్రశ్నలు కాబట్టి ఒక్క జవాబు ఒక్క మెట్టు మారినా స్కోరు 8 పైగా కదులుతుంది. ఎనిమిది ప్రశ్నల పరిసరాల విభాగంలో అదే మార్పుకు 3 మాత్రమే. ఒక మనిషి సామాజిక స్కోరు 8 పెరిగిందని రిపోర్టులో గొప్పగా రాయకండి.

ఖాళీ జవాబును 0 అని కొట్టకండి, ఖాళీగానే వదలండి. 26లో 20 శాతానికి మించి ఖాళీలుంటే ఆ ఫారం పక్కన పెట్టాలి.

వార్డు_నర్సు
21వ ప్రశ్న, లైంగిక జీవితం మీద తృప్తి, చాలామంది వదిలేస్తారు. అడిగేవాళ్లు కూడా మొహమాటంతో దాటేస్తారు. ఓపియాయిడ్లు (హెరాయిన్ లాంటి మందులు) లైంగిక హార్మోన్లను తగ్గిస్తాయి కాబట్టి ఇది అడగాల్సిన ప్రశ్నే. విడిగా కూర్చోబెట్టండి. భార్యో తల్లో పక్కనుంటే 21వది ఒక్కటే కాదు, అన్నింటికీ ‘బాగానే ఉంది’ అనే అంటారు.

మాత్ర ఇచ్చే మనిషే ప్రశ్నలడగకూడదు. తేడాగా చెబితే రేపు డోసు ఆపేస్తారేమో అన్న భయం ఉంటుంది. అడిగే వేళ కూడా ముఖ్యం: మాత్ర నాలుక కింద కరిగిన తర్వాతే, ప్రతిసారీ అదే వేళకు. క్యూలో నిలబడి ఒళ్లు లాగుతున్నప్పుడు అడిగితే ఆ ఇబ్బందే రెండు వారాల కథలా చెబుతారు.

ఓఎస్‌టీ_కౌన్సెలర్
చదవలేనివాళ్లకు?

వార్డు_నర్సు
అక్షరం మార్చకుండా చదవండి. వివరించబోతే జవాబు మీ నోట్లోంచి వచ్చినట్టే. జవాబుల వరుస ఒక చోట తృప్తి గురించి, ఒక చోట ఎంత తరచుగా అన్నదాని గురించి ఉంటుంది. ఒక్కో వరుసకు విడి కార్డు చేసి చేతికివ్వండి.

క్లినికల్_సైక్
4వ ప్రశ్న గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రోజువారీ పనులకు వైద్య చికిత్స ఎంత అవసరమని అడుగుతుంది. రోజూ మాత్ర వేసుకుంటూ, దానివల్లే పనికి వెళ్లగలుగుతున్న మనిషి నిజాయితీగా ‘చాలా అవసరం’ అంటాడు. తిరగేసే ప్రశ్న కాబట్టి అతని శారీరక స్కోరు తగ్గుతుంది. చికిత్స పనిచేస్తున్నందుకే మార్కు పోతోందన్నమాట. ప్రశ్న తీసేయకండి, తీసేస్తే వేరేవాళ్ల ఫలితాలతో పోల్చలేరు. 4వ ప్రశ్న జవాబులను విడిగా ఒక పట్టికలో చూపండి.

ఆరు నెలల సగటు పెరిగిందని రాసేముందు ఎంతమంది చికిత్స మధ్యలో మానేశారో చూడండి. మిగిలినవాళ్లు సాధారణంగా మెరుగ్గా ఉన్నవాళ్లే. మానేసినవాళ్ల మొదటి స్కోర్లు విడిగా ఇవ్వాలి.

ఓఎస్‌టీ_కౌన్సెలర్
ప్రతి వారం 26 ప్రశ్నలంటే విసుగొస్తుంది కదా?

క్లినికల్_సైక్
వారం వారం వద్దు. మధ్యలో చిన్నది కావాలంటే ఇంగ్లండ్‌లో వాడే ట్రీట్‌మెంట్ అవుట్‌కమ్స్ ప్రొఫైల్ చూడండి. అందులో శారీరక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, జీవన నాణ్యత ఒక్కోదానికీ 0–20 గీత మీద గుర్తు పెట్టిస్తారు. గడువు మాత్రం నాలుగు వారాలు, కాబట్టి బ్రెఫ్ స్కోర్లతో కలిపి లెక్కగట్టకూడదు.

డేటా_ఎంట్రీ_హైదరాబాద్
నాలుగు విభాగాల స్కోర్లకూ గ్రాఫులో నాలుగు గీతలు గీసి రోగికే చూపించండి. శారీరక గీత పైకి పోయి పరిసరాల గీత కదలకుండా ఉంటే 12వ ప్రశ్న (డబ్బు), 23వ ప్రశ్న (ఇల్లు) జవాబులు చూడండి. డోసు మార్చితే ఆ గీత కదలదు. ఆధార్, రేషన్ కార్డు, పని, ఉచిత న్యాయ సహాయం: వీటిలో ఏది ఆగిందో ఆ ఫాలోఅప్‌లోనే అడగాలి.